బడిలో నోరు విప్పని మూడో తరగతి పాప: మ్యూనిక్‌లో ఒక తెలుగు కుటుంబం కేస్ స్టడీ

పిల్లల డాక్టరు పంపిన చీటీ మీద ఉన్నది ఒకే లైను: సెలెక్టివ్ మ్యూటిజం (కొన్ని చోట్ల బాగా మాట్లాడే పిల్లకి ఇంకొన్ని చోట్ల గొంతు పెగలకపోవడం) అనుమానం. ఎనిమిదేళ్ల పాప. మ్యూనిక్‌లో ఇంటి దగ్గరి గవర్నమెంటు ప్రైమరీ స్కూల్లో సెప్టెంబరులో మూడో తరగతిలో చేరింది, జనవరి నెలాఖరు వచ్చినా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. టీచరు పేరు పెట్టి పిలిస్తే తల దించుకుంటుంది, బాత్రూంకి వెళ్లాలన్నా అడగదు, బిగబట్టుకుని ఇంటికి వస్తుంది. బాత్రూం సంగతి తెలిశాకే డాక్టరు కంగారుపడి నా దగ్గరికి పంపారు.

నేనిక్కడ పిల్లల సైకాలజిస్టుని, ఎక్కువగా బయటి దేశాల నుంచి వచ్చిన కుటుంబాలనే చూస్తాను. తెలుగు వచ్చు కాబట్టి తెలుగువాళ్ల కేసులు ఎటు తిరిగినా చివరికి నా టేబుల్ మీదికే వస్తాయి. ఈ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను.

ఇది సస్పెన్స్ కథ కాదు కాబట్టి తేలిందేమిటో ముందే చెప్పేస్తాను. పాపకి సెలెక్టివ్ మ్యూటిజం లేదు. బడిలో మాట్లాడకపోవడానికి సగం కారణం అందరికీ తెలిసిందే, భాష రాకపోవడం. మిగతా సగం ఇంట్లో ఉంది. జర్మన్ త్వరగా రావాలని ఆ ఇంట్లో సాయంత్రాలు తెలుగు ఆపేశారు, దాంతో రోజు మొత్తం మీద పాప మనసులో మాట చెప్పుకునే చోటే లేకుండా పోయింది. అందుకే ఈ కేసులో నేను ఎక్కువ సమయం కూర్చున్నది పాపతో కాదు, వాళ్లమ్మతో.

కుటుంబం గురించి కొంచెం. తండ్రి సాఫ్ట్‌వేర్, బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) మీద ముందు ఒక్కరే వచ్చి ఇల్లు దొరికాక మిగతావాళ్లని తెచ్చుకున్నారు. మ్యూనిక్‌లో ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, పైగా అది తేలితే గానీ మిగతా ఏదీ కదలదు. దిగిన రెండు వారాల్లోపు అడ్రసు నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. పిల్ల ఏ ప్రైమరీ స్కూలుకి వెళ్లాలో ఆ అడ్రసే తేలుస్తుంది, గవర్నమెంటు ప్రైమరీల్లో మనకి నచ్చిన స్కూలు ఎంచుకునే పద్ధతి లేదు, వేరేది కావాలంటే కారణం చూపించి దరఖాస్తు పెట్టుకోవాలి. స్కూల్లో చేర్చుకోవాలంటే మీజిల్స్ టీకా రెండు డోసులూ వేసిన రుజువు అడుగుతారు, 2020 మార్చి నుంచి ఇది చట్టం. ఇవన్నీ ఆయన ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుని ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ ఏ ఇబ్బందీ లేకుండా ముగించారు. కాగితాల పని ఇంత బాగా చేసుకున్న కుటుంబాలు తక్కువ.

తల్లి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు. బ్లూ కార్డు ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇక్కడ పని చేసుకునే హక్కు వచ్చిన రోజు నుంచే ఉంటుంది, కానీ జర్మన్ రాకుండా స్కూల్లో టీచరుద్యోగం అన్నది ఆలోచనకి కూడా దూరం. పాప తర్వాత మూడేళ్ల బాబు. వాడికి అదృష్టం కొద్దీ కిండర్‌గార్టెన్‌లో సీటు దొరికింది.

స్కూలు సంగతి. జర్మన్ అసలు రాని పిల్లలకి మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో 2018-19 విద్యా సంవత్సరం నుంచి డాయిచ్‌క్లాస్సే అని విడిగా తరగతులు ఉన్నాయి, కాకపోతే ప్రతి స్కూల్లో ఉండవు. పాప స్కూల్లో లేదు. మామూలు క్లాసులో కూర్చోబెట్టి, వారంలో కొన్ని పీరియడ్లు పక్క గదిలో చిన్న గ్రూపుకి జర్మన్ చెప్పే ఏర్పాటు చేశారు. రెండిట్లో ఏది మంచిదని తల్లిదండ్రులు గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, నన్నడిగితే ఆ గదిలో పిల్లకి ఒక్క స్నేహితురాలైనా దొరికిందా లేదా అన్నది ముందు చూస్తాను.

మొదటిసారి వచ్చినప్పుడు మాట్లాడింది అంతా తండ్రే. లాప్‌టాప్ తెరిచి స్కూళ్ల లిస్టు చూపించారు, అందులో ఒక గడి నిండా 2.33 అన్న అంకె. దాని సంగతి తర్వాత చెప్తాను. తల్లి కుర్చీ అంచున కూర్చుని, ఏదైనా అడిగితే భర్త వైపు చూసి, "ఆయనకి తెలుసండీ" అన్నారు. పాప కిటికీ దగ్గర నిలబడి ట్రామ్‌లు చూస్తోంది.

ఇలాంటి కేసుల్లో నేను మొదట చేయించేది వినికిడి పరీక్ష. చెవి సమస్యను ఇంటివాళ్లు సిగ్గు అనుకోవడం, బడివాళ్లు భాష రాదు అనుకోవడం మామూలే, అలా ఏడాది గడిచిపోతుంది. పాపకి వినికిడి బాగానే ఉంది. తర్వాత సొంత భాష ఎలా ఉందో చూడాలి. మాటలు లేని బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చి కథ చెప్పమన్నాను, తెలుగులో. మొదట గొణిగింది, నాలుగో పేజీ కల్లా కుక్కకి కోపం ఎందుకొచ్చిందో, పిల్లాడు దాన్ని మోసం చేసి ఉండకపోతే ఏం జరిగి ఉండేదో కూడా కలిపి చెప్పేస్తోంది. "ఆంటీ, మీరు పేజీ తిప్పొద్దు, నేను తిప్తా" అంది. జరిగింది, జరగబోయేది, జరిగి ఉండాల్సింది అన్నీ విడివిడిగా చెప్పగల పిల్లకి భాష నేర్చుకోవడంలో లోపం ఉందనడానికి వీల్లేదు. ఇంగ్లీషు పుస్తకం కూడా తన వయసుకి తగ్గట్టే చదివింది.

ఇక మ్యూటిజం ప్రశ్న. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం రుగ్మతల పుస్తకం) దీన్ని ఆందోళన రుగ్మతల్లో చేర్చింది. కొన్ని చోట్ల బాగా మాట్లాడే పిల్ల, మాట్లాడాల్సిన ఇంకొన్ని చోట్ల కనీసం నెల రోజులుగా మాట్లాడకపోవాలి, బడిలో చేరిన మొదటి నెలని లెక్కలోకి తీసుకోకూడదు, ముఖ్యంగా ఆ మౌనానికి అక్కడి భాష తెలియకపోవడం కారణం అయి ఉండకూడదు. చాలామంది ఈ చివరి షరతు దగ్గరే బోల్తా పడతారు, రెండు వైపులా. భాష రాని ప్రతి పిల్లకీ మ్యూటిజం అని రాసేయడం ఒక తప్పు, "భాష వస్తే అదే పోతుందిలే" అని నిజంగా మ్యూటిజం ఉన్న పిల్లని రెండేళ్లు వదిలేయడం ఇంకో తప్పు. వలస కుటుంబాల పిల్లల్లో నిజమైన మ్యూటిజం కూడా ఎక్కువగానే కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ అజాగ్రత్త పనికిరాదు.

కాబట్టి నేను చూసేది ఏ భాషలో మాట్లాడట్లేదు అన్నది కాదు, ఎవరి ముందు, ఏ పని చేస్తుండగా గొంతు ఆగిపోతోంది అన్నది. తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనుమతి తీసుకుని స్కూలుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. క్లాసులో మౌనం నిజమే. కానీ ఒళ్లు బిగుసుకుపోలేదు, ముఖం చెక్కలా మారలేదు, పక్క పిల్ల రబ్బరు అడిగితే ఇచ్చింది, నవ్వింది. ఇంటర్వెల్‌లో ఇంకా బాగా తెలిసింది: ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక అమ్మాయితో నేల మీద గళ్లు గీసుకుని తొక్కుడుబిళ్ల లాంటిది ఆడుతూ అంకెలు జర్మన్‌లో పైకే లెక్కపెడుతోంది. ఇద్దరికీ జర్మన్ రాదు, అందుకే ఇద్దరికీ భయం లేదు. మ్యూటిజం ఉన్న పిల్లలు చాలామంది తమ భాష మాట్లాడే కొత్తవాళ్ల ముందు కూడా నోరు తెరవలేరు, ఈ పాప నాతో గంటలోపే దబాయించి మాట్లాడింది.

ఒక్క విషయం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. తెలుగు స్నేహితుల ఇళ్లకి వెళ్తే కూడా ఈ మధ్య మాట్లాడట్లేదని తల్లి చెప్పారు. అదే నిజమైతే లెక్క మారిపోతుంది. తీరా అడిగితే తేలిందేమిటంటే, పాప నోరు విప్పని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక అంకుల్ "ఏదీ, జర్మన్‌లో ఒక మాట చెప్పు చూద్దాం" అంటున్నారు. ఎనిమిదేళ్ల పిల్లని నలుగురిలో నిలబెట్టి పరీక్ష పెట్టడం మన పార్టీల్లో ఒక వినోదం. ఆ ప్రశ్న అడగని ఇళ్లలో పాప బాగానే మాట్లాడుతోంది.

జర్మనీలో మేం ఇప్పటికీ ఐసీడీ-10 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక) కోడ్లతోనే రాస్తాం, మ్యూటిజం కోడ్ ఎఫ్ 94.0. దాన్ని నేను ఫైల్లో రాయలేదు. డాక్టరుకి పంపిన ఉత్తరంలో, ఒత్తిడి తీసేశాక, జర్మన్ కొంత వచ్చాక కూడా ఆ చిన్న గ్రూపులో సైతం గొంతు రాకపోతే మళ్లీ మొదటి నుంచి చూస్తానని రాశాను.

తర్వాత తల్లిని ఒంటరిగా రమ్మన్నాను. మామూలు పనిరోజు ఒకటి గంట గంటకీ చెప్పమన్నాను. ఇది నాకు ఏ ప్రశ్నాపత్రం కంటే ఎక్కువ పనికొస్తుంది.

"పొద్దున ముందు బాబుని, తర్వాత పాపని దింపి వస్తానండీ. ఇల్లు సర్దుకుంటాను. పన్నెండుంపావుకి స్కూలు అయిపోతుంది, తీసుకొస్తాను. అన్నం పెడతాను. తర్వాత హోంవర్కు. నాకు అర్థం కాదు, దానికీ అర్థం కాదు. ఫోన్‌తో ఫొటో తీసి ట్రాన్స్‌లేట్ చేసి చూస్తాం, అది ఏదేదో రాస్తుంది. నాలుగింటికి బాబుని తేవాలి. ఆరింటికి ఆయన వస్తారు. ఆరు నుంచి పడుకునేదాకా ఇంట్లో జర్మనే."

"మరి మీరు?"

"నాకు రాదు కదండీ. వంట చేసుకుంటాను."

ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంట్లో కూడా జర్మన్ మాట్లాడితే మంచిదని బడిలో ఎవరో అన్నారు, తెలుగు మిత్రుల్లో ఇంకొకరు తమ పిల్లలకి అలాగే వచ్చిందన్నారు. తండ్రి ఆఫీసులో పని ఇంగ్లీషులో, ఆయనకి వచ్చిన జర్మన్ యాప్‌లో నేర్చుకున్నది. ఫ్రిజ్ మీద, తలుపుల మీద చీటీలు అంటించారు. ఆ జర్మన్‌తో ఉప్పు ఇటివ్వు అనొచ్చు, కానీ ఇవాళ బడిలో నన్ను చూసి ఎవరో నవ్వారని పాప చెప్పలేదు, ఎందుకు నవ్వారని తండ్రి అడగలేరు. దానికి తోడు బాబు. కిండర్‌గార్టెన్‌కి వెళ్లిన కొన్ని నెలలకే వాడికి గలగలా మాటలు వచ్చేశాయి, భోజనాల దగ్గర అక్క తప్పు పలికితే "నైన్!" (కాదు) అని అరిచి సరిచేస్తాడు, తండ్రి మురిసిపోతారు. పాప తినడం ఆపి లేచి వెళ్లిపోతుంది.

"పిల్లలకేం, మూణ్ణెల్లలో పట్టేస్తారు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండేది ఇందుకే. మూడేళ్ల వాడికి కావాల్సింది బొమ్మ నాది, నీళ్లు కావాలి, నువ్వు రా. మూడో తరగతి పిల్లకి కావాల్సింది అడవిలో ఏ పొరలో ఏ జంతువులుంటాయో ఐదు వాక్యాల్లో రాయడం. కెనడాలో రెండో భాష మీద పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ టొరంటో వలస పిల్లల వివరాలు విశ్లేషించి 1981లో చెప్పింది ఇదే: ఆటల్లో మాట్లాడుకునే భాషకి రెండేళ్ల దాకా పడితే, పాఠాల భాషలో తోటివాళ్లని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అక్కనీ తమ్ముణ్ణీ ఒకే గీటురాయి మీద పెట్టడానికి వీల్లేదని తండ్రికి ఈ లెక్క చూపించే చెప్పాను, ఆయనకి లెక్కలు చూపిస్తేనే ఎక్కుతుంది.

మొదట సర్దింది బాత్రూం. అది ఆగే విషయం కాదు. క్లాస్ టీచరు అదే రోజు ఒప్పుకున్నారు: పాప బెంచీ మీద ఒక ఆకుపచ్చ కార్డు, అది టీచరు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోవచ్చు, అడగక్కర్లేదు. టీచరు మంచావిడ, కానీ ఇరవై చిల్లర పిల్లలతో ఊపిరాడని మనిషి. అందుకని ఆవిడ చేయగలిగినవే అడిగాను. ఒంటరిగా లేచి చదవమనొద్దు. అందరూ కలిసి పాడేటప్పుడు, కలిసి చదివేటప్పుడు పాపవైపు చూడొద్దు. లెక్కలు బోర్డు మీద చేయించండి, నోటితో కాదు. వచ్చే వారం ఏ పాఠమో శుక్రవారం ఒక లైను ఈమెయిల్ పెట్టండి. ఈ ఆఖరిదే అసలు పని చేసింది.

ఇంట్లో జర్మన్ రూలు ఎత్తేయమన్నప్పుడు తండ్రి ఒప్పుకోలేదు. "మరి జర్మన్ ఎలా వస్తుందండీ? బడిలో మాట్లాడదు, ఇంట్లోనూ మానేస్తే?" న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది: జర్మన్ నేర్పాల్సింది మీరు కాదు, అది బడి పని, తోటి పిల్లల పని. పాఠం అర్థం కావడం మాత్రం మీ ఇంట్లో జరగొచ్చు, పైగా మీ ఇంట్లోనే ఒక టీచరు ఊరికే కూర్చుని ఉన్నారు. తల్లి మొదటిసారి నవ్వారు.

ఇక్కడ ప్రైమరీలో హెచ్ఎస్‌యూ అని ఒక సబ్జెక్టు ఉంది, మన పరిసరాల విజ్ఞానం లాంటిది, నీళ్లు, అడవి, నిప్పు, ఊరి పాలన అన్నీ అందులోనే. శుక్రవారం ఈమెయిల్‌లో నిప్పు అని వచ్చింది. శని, ఆదివారాల్లో తల్లి వంటింట్లో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించి, చిన్న గ్లాసు కింద త్వరగా ఎందుకు ఆరింది, పెద్దదాని కింద ఆలస్యంగా ఎందుకు ఆరింది అని మొత్తం తెలుగులో చెప్పారు, మండేది, గాలి, వేడి మూడూ ఉండాలని పాప చేతే చెప్పించారు. మంగళవారం క్లాసులో అదే ప్రయోగం. పాప ఏం మాట్లాడలేదు, కానీ వర్క్‌షీట్‌లో మూడు బొమ్మలూ సరిగ్గా గీసి, బోర్డు చూసి జర్మన్ పేర్లు వాటి కింద రాసింది. ఈ పిల్లకి పాఠం అర్థమవుతోందని టీచరుకి నమ్మకం కుదిరింది ఆ రోజే. అప్పటిదాకా ఆవిడకి ఆ సంగతి తెలిసే దారే లేదు.

లెక్కల నోటుబుక్కు సంగతి కూడా తల్లే పట్టుకున్నారు. హైదరాబాద్‌లో మంచి మార్కులు వచ్చేవి ఇక్కడ ఎందుకు రావట్లేదని అందరికీ ఆశ్చర్యం. నోటుబుక్కు ఆవిడ ముందు పెడితే రెండు నిమిషాల్లో, "ఇది లెక్క తప్పు కాదండీ, విని రాయడంలో తిరగేసింది" అన్నారు. జర్మన్‌లో 43ని ముందు మూడు, తర్వాత నలభై అని చదువుతారు, పాప విన్న వరసలో 34 రాసి, ఆ 34తో లెక్క సరిగ్గానే చేసింది. ఇక టీచరు 1కి పైన పొడుగ్గా కొక్కెం పెడుతుంది, అది పాపకి 7 లాగా కనిపిస్తుంది. భాగహారానికి రెండు చుక్కలు, గుణకారానికి ఒక చుక్క, దశాంశానికి కామా. ఇవి చిన్నవే గానీ, రోజుకి పది తప్పులు ఎర్ర ఇంకుతో కనబడితే పిల్ల తనకి లెక్కలు రావని నమ్మేస్తుంది. ఈ కొంచెం సర్దుకునేసరికి లెక్కల మార్కులు వెనక్కి వచ్చేశాయి.

మాట్లాడించే మెట్లు మామూలువే, కొత్తేం కనిపెట్టలేదు. అందరితో కలిసి పాడడం, తర్వాత ఉక్రెయిన్ అమ్మాయితో జంటగా చదవడం, తర్వాత పక్క గదిలో చిన్న గ్రూపు, చివరికి క్లాసు. ఏ మెట్టు మీద ఎంతసేపు ఉండాలో పాపే తేల్చుకోవాలి, ఎక్కినప్పుడు చప్పట్లు కొట్టకూడదు. మాట్లాడగానే "అబ్బో మాట్లాడింది!" అని గోల చేస్తే మర్నాడు మళ్లీ మౌనమే.

మార్చిలో దెబ్బ తగిలింది. క్లాస్ టీచరు సెలవులో ఉన్న రోజు ఇంకొకరు వచ్చి, సంగతి తెలియక, పాపని లేచి చదవమని, చదివేదాకా నిలబెట్టారు. మర్నాటి నుంచి కడుపునొప్పి. ఇక్కడ బడి మానిపించి ఇంట్లో చదివించుకుంటాం అంటే కుదరదు, బడికి వెళ్లడం చట్టప్రకారం తప్పనిసరి, రాలేకపోతే పొద్దున్నే స్కూలుకి చెప్పాలి, సాగితే డాక్టరు చీటీ అడుగుతారు. తల్లిదండ్రులకి ఒకటే టెన్షన్. డాక్టరుతో మాట్లాడి చీటీ ఇప్పించాను గానీ పొడిగించొద్దన్నాను, ఇలాంటప్పుడు ఇంట్లో గడిచే ప్రతి రోజూ తిరిగి వెళ్లడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. మొదట చిన్న గ్రూపు పీరియడ్లకి మాత్రమే వెళ్లేలా స్కూలు ఒప్పుకుంది, ఆ తర్వాత మెల్లగా పూర్తి రోజు. కొత్తగా ఎవరు క్లాసుకి వచ్చినా చూసేలా అటెండెన్స్ పుస్తకంలో ఒక కాగితం అంటించారు.

ఈలోగా తల్లి ప్రభుత్వం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో చేరారు. మామూలుగా అది 600 పీరియడ్ల భాష, 100 పీరియడ్ల దేశ పరిచయం. పొద్దుటి బ్యాచ్ కావాలంటే ఎవరో ఒకరు పాపని దింపాలి, అక్కడే పెద్ద పేచీ వచ్చింది. ఇక్కడ పిల్లలు ఒకటో తరగతి నుంచే నడిచి వెళ్తారు, పెద్ద రోడ్ల దగ్గర వాలంటీర్లు నిలబడి దాటిస్తారు, అయినా ఆవిడకి మనసొప్పలేదు. కొన్నాళ్లు వంద అడుగుల వెనక నడిచారట. చివరికి పక్క బిల్డింగులోని ఇద్దరు పిల్లలతో కలిసి వెళ్లడం మొదలైంది, బడిలో రాని మాటలు దారిలో వచ్చాయి. సాయంత్రం తల్లి హోంవర్కూ కూతురి హోంవర్కూ ఒకే టేబుల్ మీద. తల్లి తప్పులు చూసి పాప పగలబడి నవ్వేది. దాంతో తప్పులంటే పోయినంత భయం నేను చేసిన వేటితోనూ పోలేదని ధైర్యంగా చెప్పగలను.

ఇప్పుడు 2.33. బవేరియాలో ప్రైమరీ నాలుగేళ్లే. నాలుగో తరగతిలో మే మొదట్లో ఒక సర్టిఫికెట్ ఇస్తారు, జర్మన్, లెక్కలు, హెచ్ఎస్‌యూ మూడింటి సగటు 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉంటే గిమ్నాజియుమ్ (నేరుగా యూనివర్సిటీ వైపు తీసుకెళ్లే స్కూలు), 2.66 దాకా రియాల్‌షూలే (పదో తరగతి దాకా ఉండే మధ్య రకం), దాటితే మిట్టెల్‌షూలే (ఎక్కువగా వృత్తి శిక్షణ వైపు తీసుకెళ్లేది). ఇక్కడ 1 అంటే అన్నిటికంటే మంచిది, 6 అంటే అధమం. తండ్రి దృష్టిలో పదేళ్ల వయసులో ఈ అంకె తప్పితే జీవితం అయిపోయినట్టే, వాట్సాప్ గ్రూపుల్లో అందరూ అలాగే మాట్లాడతారు. ఆ భయమే ఇంట్లో జర్మన్ రూలుగా మారింది. అందుకని దీనికి ఒక పూట మొత్తం పెట్టాను. ఒకటో తరగతి నుంచి జర్మన్ ప్రైమరీలో చదవని, మాతృభాష జర్మన్ కాని పిల్లలకి, మార్కులు తగ్గింది భాష వల్లే, అది సర్దుకుంటుంది అని టీచర్లు అనుకుంటే సగటు 3.33 దాకా ఉన్నా గిమ్నాజియుమ్‌కి తగినట్టు రాయొచ్చు. ఈ నిబంధన గ్రూపుల్లో ఎవరూ చెప్పరు. సగటు రాకపోతే జర్మన్, లెక్కల్లో కొన్ని రోజుల ట్రయల్ పాఠాలు, పరీక్ష ఉంటాయి, ఒకదాంట్లో 3, ఇంకోదాంట్లో 4 వస్తే పాస్, రెండూ 4 అయితే తల్లిదండ్రుల ఇష్టం. రియాల్‌షూలే పదో తరగతి తర్వాత ఎఫ్ఓఎస్ అనే పై స్కూల్లో చేరి 13 దాకా చదివితే యూనివర్సిటీకి వెళ్లొచ్చు. మధ్యలో ఐదో తరగతి చివర మారే వీలూ ఉంది. ఆయన ఒక్కొక్కటీ నోట్ చేసుకున్నారు. చివర్లో, "అంటే ఇంత టెన్షన్ అవసరం లేదంటారా?" అన్నారు. అవసరం లేదని నేను అనలేదు. పాప మీద పెట్టడం అనవసరం అన్నాను.

మూడో తరగతి మళ్లీ చదివిద్దామని సలహా ఇచ్చింది టీచరు. తల్లిదండ్రులు కోరుకుంటే ఫెయిల్ కాకపోయినా అలా చదివించొచ్చు. తండ్రికి ఇది మింగుడుపడలేదు, ఊళ్లో వాళ్లకి ఏం చెప్పాలి అన్నారు. పాపని అడిగితే ఉక్రెయిన్ అమ్మాయి కూడా ఉంటుందా అని అడిగింది. ఆ అమ్మాయీ మళ్లీ మూడే చదువుతోంది. దాంతో తేలిపోయింది.

బవేరియా ప్రైమరీల్లో ఒకటి నుంచి మూడో తరగతి దాకా చాలా చోట్ల ఏడాది మధ్యలో మార్కుల కార్డు బదులు టీచరూ పిల్లా కూర్చుని మాట్లాడుకుంటారు, తల్లిదండ్రులు పక్కన కూర్చుని వింటారు. పేరు లెర్న్‌ఎంట్‌విక్లుంగ్స్‌గెష్ప్రేఖ్, పలకడానికే ఊపిరి చాలదు. పిల్ల ముందుగా తన గురించి తాను ఒక ఫారం నింపుకుని వెళ్లాలి. మొదటి ఫిబ్రవరిలో పాప ఆ ఫారంలో గళ్ల మీద వేలు పెట్టి చూపించి ఊరుకుంది. రెండో ఫిబ్రవరిలో తనే చదివింది, చిన్న గొంతుతో, వ్యాకరణం తప్పులతో, ఒక చోట టీచరు చెప్పింది కాదని తల అడ్డంగా ఊపి మళ్లీ చెప్పింది. తండ్రి అక్కడ ఏమీ అనకుండా కూర్చున్నారు, ముందే ఒప్పుకున్న షరతు అది.

నాలుగో తరగతి మేలో జర్మన్ 3, లెక్కలు 2, హెచ్ఎస్‌యూ 3, సగటు 2.66. జర్మన్ కారణం చూపించి గిమ్నాజియుమ్ అడిగే అవకాశం ఉందని టీచరే చెప్పారు. ఇంట్లో రెండు వారాలు వాదన నడిచింది, తల్లి రియాల్‌షూలే అన్నారు, ఈసారి భర్త వైపు చూడకుండా. అదే నిలిచింది. అది సరైనదా కాదా అని నన్నడిగారు గానీ నేను తీర్పు చెప్పలేదు, రెండూ నడిచే దారులే. పాప ఇప్పుడు ఐదులో ఉంది, క్లాసులో తక్కువ మాట్లాడే పిల్లల్లో ఒకతి, అది ఆమె స్వభావం, హైదరాబాద్‌లో కూడా అంతేనట.

ఆమె ఫైలు మూసేశాను. ఇప్పుడు వస్తున్నది బాబు కోసం. వాడు తెలుగు అర్థం చేసుకుంటాడు, జవాబు మాత్రం జర్మన్‌లోనే ఇస్తాడు, అక్కతో కూడా. అక్కకి ఇప్పుడు జర్మన్ రావడంతో ఇద్దరూ కలిసి జర్మన్‌లోకి జారిపోతున్నారు. తల్లి వాణ్ణి తిట్టకుండా వాడన్నదాన్నే తెలుగులో తిరిగి అని మాట కొనసాగిస్తున్నారు, తండ్రి రాత్రి కథ తెలుగులోనే చదువుతున్నారు. అమ్మమ్మ, తాతయ్య వేసవిలో 90 రోజుల వీసా మీద వస్తున్నారు, వాళ్లకి జర్మన్ ముక్క రాదు కాబట్టి ఆ రోజుల్లో వాణ్ణి మధ్యాహ్నాలు త్వరగా ఇంటికి తెచ్చేలా సర్దుకోమన్నాను, సెప్టెంబరులో వాడు ఒకటో తరగతిలో చేరాక మళ్లీ చూస్తాం.